రేపు పొద్దున్న ఎక్కడ పెడతారు?

ఐసు ప్లాంటు గోడమీద గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది. బయట ఐదు బోట్లవాళ్ళు ఐసు కోసం వరసలో నిలబడి ఉన్నారు. బ్రూక్షాబాద్ నుంచి వచ్చే మొదటి బస్సు దిగి బాబాయి లోపలికి వచ్చాడు. వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టున ఉండే మనిషి. ఈ మూడేళ్ళలో ప్లాంటు గుమ్మం తొక్కగా చూడలేదు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"మీ పిన్ని పోనాది బాబూ," అన్నాడు. "తెల్లారగట్ట పొయ్యికాడ కూకుంది. కూకున్నది కూకున్నట్టే ఒరిగిపోనాది."

నేనేమన్నానో గుర్తు లేదు. ఆయన తర్వాత అన్నది గుర్తుంది.

"గుంటడి ఓడ రేపు మజ్జానం గాని రాదంట. ఆడికి అమ్మ మొకం సూపించాల. ఐసు కావాల బాబూ."

గుంటడంటే వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. నా వయసువాడే. దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజను గదిలో పని. ఆ పొద్దున అతని ఓడ దక్షిణాన నికోబార్ దీవుల దగ్గర ఉంది. మర్నాడు మధ్యాహ్నం మూడు దాటితే గాని రేవులోకి రాదు. అంటే సుమారు ముప్ఫై రెండు గంటలు. వేసవి, రేకుల ఇల్లు. ఇంకొక సంగతి, ఆ ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు. కొడుకు దగ్గరా లేదు. అది నాకు బాగా తెలుసు. ఫొటో తీయిద్దామని అడిగి చివాట్లు తిన్నవాణ్ణి నేనే.

ఆవిడ నాకు బంధువు కాదు. కాకినాడలో డిప్లొమా పూర్తిచేసి, రేవు పక్కన ఈ ఐసు ప్లాంటులో సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో, రోజూ పొద్దున్నే చేపల గంపతో వచ్చి ఐసు పొడి వేయించుకునే ఒక పెద్దావిడగా పరిచయం. ఆ గంప నెత్తిన పెట్టుకుని డెలానీపూర్ క్వార్టర్ల వెంట తిరిగి అమ్ముకునేది. చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డునుంచి అమ్మానాన్నలతో ఓడెక్కి వచ్చిందట. అంతకుమించి ఆవిడ గతం నాకు తెలియదు. తెలుగు బోట్లవాళ్ళు అక్కను పిలిచినట్టు అప్పా అనేవారు. బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్ళు దీదీ అనేవారు. నేను మా ఊరి అలవాటుకొద్దీ పిన్నీ అన్నాను, ఆ లెక్కన వాళ్ళాయన బాబాయి అయ్యాడు.

పొట్టి మనిషి. గంప లేకుండా నడిచినా మెడ నిటారుగానే ఉండేది, నెత్తిమీద ఏదో ఉన్నట్టు. ఎవరింటికి వెళ్ళినా గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కళ్ళు చికిలించి, లోపలంతా ఎడమనుంచి కుడికి ఒకసారి చూసేది. కొత్త మెషీను ముందు నిలబడినప్పుడు నేనూ అలాగే చూస్తాను. ఏది ఎక్కడుంది, ఏది వేడెక్కుతోంది, ఏది కారుతోంది అని.

మా క్వార్టరుకి మొదటిసారి వచ్చినప్పుడు అలాగే చూసి, అటకమీద కళ్ళు ఆపింది.

"ఆ డబ్బాలేటి బాబూ?"

"పాలపొడి డబ్బాలు పిన్నీ. ఎప్పుడైనా పనికొస్తాయని."

"ఎప్పుడు?"

"ఎప్పుడైనా."

"ఎన్నున్నాయి?"

అది నాకు తెలుసు. "ఇరవై మూడు."

"లెక్కెట్టడానికి పనికొచ్చినాయన్నమాట," అని నవ్వి, గంప దించి, డబ్బాలన్నీ అందులోకి ఎత్తుకుంది. "బోట్లో ఊరిన నీల్లు తోడుకోడానికి డబ్బా నేక దోసిళ్ళతో తోడుతన్నారు ఎదవలు. ఒక్కొక్కడికి ఒకటి పడేత్తాను."

చుట్టపుచూపుగా వచ్చిన మనిషి చేతిలో ఏమీ తేకపోగా నా ఇంట్లోవి పట్టుకుపోయింది. ఆవిడ వెళ్ళాక అటక ఖాళీగా, గది రెండడుగులు పెరిగినట్టు కనిపించింది. ఆవిడ నాకు తెచ్చింది అదేనని అర్థం కావడానికి కొన్ని నెలలు పట్టింది.

దాచుకోవడం ఈ దీవుల్లో అందరికీ ఉన్న జబ్బే. మేకు మొదలుకొని మందుబిళ్ళ దాకా ఓడమీద రావాలి. ఓడ ఎప్పుడు వస్తుందో ఓడకే తెలియదు. అందుకని ఎవరూ ఏదీ పారేయరు. దానికి తోడు, ఎవరింటికి వెళ్ళినా చేతిలో ఏదో ఒకటి ఉండాలన్న మర్యాద. గాజు గ్లాసుల సెట్లు, ప్లాస్టిక్ పూలు, స్టీలు ట్రేలు చుట్టిన కాగితం కూడా విప్పకుండా ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి తిరుగుతుంటాయి. పింగాణీ నెమలి ఒకదాన్ని మూడు ఇళ్ళలో చూశాను. ముక్కు విరిగిన తీరునిబట్టి అది అదేనని కచ్చితంగా చెప్పగలను.

ఆ రోజే ఆవిడకు టీ పెట్టాను. కిరసనాయిలు స్టవ్వు, పది ఒత్తులది. నాలుగు ఒత్తులు ఎత్తుగా, మూడు పొట్టిగా మండేవి, మూడు అసలు మండేవి కావు. టీ మరగడానికి ఏడు నిమిషాలు పట్టేది. ఆవిడ స్టవ్వు పక్కన గొంతుక్కూర్చుని టీ మరిగేదాకా ఆ మంటే చూసింది. రెండువారాల తర్వాత బాదం ఆకులో చుట్టిన పొట్లం ఒకటి తెచ్చింది. పది ఒత్తులు. నైలాను వలలు వచ్చాక మూలన పడిన బాబాయి నూలు వల విప్పి, ఆ దారాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, పేనిందట. తనే స్టవ్వు విప్పి, పాతవి లాగి, కొత్తవి ఎక్కించి, బ్లేడుతో సమంగా కోసింది. బాదం ఆకును, కట్టిన కొబ్బరి పీచును, పాత ఒత్తులను తీసుకెళ్ళి వెనక నీళ్ళు కాచే పొయ్యిలో పడేసింది. ఆవిడ తెచ్చినదాంట్లో మంట తప్ప ఇంకేమీ మిగల్లేదు.

టీ నాలుగు నిమిషాల్లో మరిగింది. ఆ మాట చెప్పాను.

"నిమిసాలు కూడా లెక్కెడతావేటి!" అంది. "నిన్ను కట్టుకున్నది ఏగేదెలాగో!"

ఇంత చేసిన మనిషికి నేనూ ఏదైనా ఇవ్వాలనుకున్నాను. సెలవుకు కాకినాడ వెళ్ళి వస్తూ గోడ గడియారం కొని తెచ్చాను. నేను ఎంచి కొన్న వస్తువు. వ్యాసం పధ్నాలుగు అంగుళాలు, అంకెలు పెద్దవి, నెలకు ఒక నిమిషం తేడా. ఓడలో నాలుగు రోజులు ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, ఆదివారం బ్రూక్షాబాద్‌లో వాళ్ళింటికి వెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నది. బాబాయి చెవి దగ్గర కూడా పెట్టింది. ఇద్దరూ సంతోషించారు. అప్పుడు అడిగింది.

"రేపు పొద్దున్న ఇది ఎక్కడుంతాది?"

"గోడమీద పిన్నీ."

"ఏ గోడ? సూపించు."

జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. చెక్కల గోడల గది, పన్నెండడుగులు, పది అడుగులు. తూర్పు గోడనిండా వలలు వేలాడుతున్నాయి. ఉత్తరపు గోడమీద వానాకాలం నీరు దిగుతుంది, చారలు కనిపిస్తున్నాయి. పడమటి గోడలో తలుపు, కిటికీ. రెంటి మధ్య పదకొండు అంగుళాలు. ఇక మిగిలింది దక్షిణపు గోడ. టేపు దానికి ఆనించగానే అవతలనుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది.

"అది రెండిళ్ళకీ ఒకటే చెక్క," అంది పిన్ని. "ఈడ మేకు కొడితే ఆడ గుంట లేస్తాది. లేసిన గుంటకి టిక్కు టిక్కు ఇనిపిత్తే మరి పడుకోదు. దాని తల్లి నా ఉసురు పోసుకుంటాది."

"పెట్టెమీద పెట్టుకో."

"పెట్టె తెరవాలంటే గడారం దించాల. గడారం దించితే ఎక్కడెట్టాల?"

నేను టేపు చుట్టేశాను. బాబాయి మూలన నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు.

"ఎవలింటికైనా ఏటన్నా పట్టుకెల్లేముందు ఇది అడగాల బాబూ," అంది ఆవిడ, గడియారాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని. "రేపు పొద్దున్న దీన్ని ఎక్కడ పెడతారు? కడుపులో పెడతారా, పొయ్యిలో పెడతారా, ఒంటికి రాసుకుంటారా? మంచిదే. పట్టుకెల్లు. లేప్పోతే, మనం తేలిగ్గా ఇచ్చేసి బరువు ఆలకి ఒగ్గేసి వచ్చినట్టే."

నా మొహం చూసి ఉంటుంది. గొంతు తగ్గించింది. "మీ ఐసుకాడ రోజూ తగువే గదా, ఎవడు ముందొచ్చినాడు, ఎవడు ఎనకొచ్చినాడని. ఆడ తగిలించు. నాను రోజూ ఒచ్చి సూసుకుంతాను. నాదే."

అలా ఆ గడియారం ప్లాంటు గోడ ఎక్కింది. బోట్లవాళ్ళు వచ్చిన వేళ దాన్నిబట్టి రాసుకుని, ఆ వరసనే ఐసు ఇవ్వాలని నేనే నియమం పెట్టాను. తగువులు ఆగిపోయాయి. పిన్ని రోజూ వచ్చి, తల ఎత్తి, "నా గడారం బాగుందేటి?" అని అడిగి వెళ్ళేది. ఆవిడకు గడియారం చూడ్డం రాదు.

ఆవిడతో కలిసి ఒకసారి సిప్పీఘాట్‌లో బారసాలకు వెళ్ళాను. ఎండలు ముదిరి కుళాయిలు రోజు విడిచి రోజు వచ్చే కాలం. నా చేతిలో గిలక్కాయ ఉంది. ఆవిడ రెండు బిందెల నీళ్ళు బస్సెక్కించింది. మూతికి గుడ్డ కట్టి, కాళ్ళ మధ్య ఒకటి, నా కాళ్ళ మధ్య ఒకటి.

"క్యా దీదీ," అన్నాడు కండక్టరు, "పానీ లేకే శాదీ మే జా రహీ హో?" నీళ్ళు పట్టుకుని పెళ్ళికా అని.

"శాదీ నహీ భయ్యా, బచ్చే కా నామ్. జర సరుకో, తొణికిందంటే నీ ప్యాంటే తడుస్తాది. సబ్ దేఖేగా, ఔర్ హసేగా."

అందరూ చూసి నవ్వుతారని ఆవిడ అంటుండగానే బస్సంతా నవ్వింది. కండక్టరు రెండడుగులు వెనక్కి జరిగాడు.

బారసాల ఇంట్లో పిల్లాడి నాయనమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఏటప్పా, మా ఇంట్లో నీల్లు నేవనుకున్నావేటి? పీటలమీద కూకోబెట్టి గుక్కెడు నీల్లు ఇయ్యలేనోలమా?"

"ఉన్నాయే తల్లీ, ఉన్నాయి. నీవి నీకు ఉంచుకో. నావి నాను ఒలకబోసుకుంతాను."

ముందు గదిలో ఉయ్యాల పక్కన చాపమీద కానుకలు పరిచి ఉన్నాయి. నేను లెక్కపెట్టాను. గిలక్కాయలు తొమ్మిది. నాది పదోది. పిన్ని ముందు గదిలో ఆగనే లేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళింది. రెండు రోజుల పొత్తిగుడ్డలు అక్కడ కుప్పగా పడి ఉన్నాయి, నీళ్ళు చాలక. బాలింత పిల్ల తలుపు చాటునుంచి సిగ్గుతో చూస్తోంది. పిన్ని ఆ రెండు బిందెల్లో ఒకదానితో గుడ్డలన్నీ ఉతికి దండెంమీద ఆరేసింది. రెండోది కాచి బాలింతకు స్నానం చేయించింది. ఖాళీ బిందెలు బోర్లించి, చెయ్యి కడుక్కుని, పంక్తిలో వచ్చి కూర్చుంది.

మేము బయల్దేరేటప్పుడు నాయనమ్మ వీధిదాకా వచ్చింది. "మల్లీ ఎప్పుడొత్తావప్పా?" అని అడిగింది.

"నువ్వు మల్లీ మనవణ్ణెత్తినప్పుడు," అంది పిన్ని.

బస్సులో నేను ఊరుకోలేక అడిగాను. "నీకెలా తెలిసింది, వాళ్ళకు నీళ్ళు చాలవని?"

"సాలవని కాదు బాబూ. పదిమందొచ్చే రోజు. నీల్లన్నీ ఒచ్చినోల్లకి పోతాయి. పిల్లని కన్నదాని దాకా రావు. ఎవలింటికెల్లినా సూడు, ఆ ఇంట్లో అందరికంటే ఎనక ఎవలికి అందుతాదో ఆలకి ఇయ్యాల."

ఇది నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆవిడ మాటలు అందులో పంతొమ్మిది ఉన్నాయి. వాటిలో నేను నిజంగా ఆచరించింది ఒక్కటే. కిందటి సెలవుకు మా అక్క ఇంటికి వెళ్ళే ముందు, ఎప్పటిలా మెరుగుపెట్టిన శంఖాలు కొనడానికి బయల్దేరితే, పిన్ని అడ్డుకుంది. "మీ అక్క ఇంట్లో ముందు ఏటి అయిపోతాది?" అని అడిగింది. నాకు తెలియదు. ఉత్తరం రాసి కనుక్కున్నాను. "నిద్ర," అని అక్క జవాబు రాసింది. చంటిపిల్ల. అందుకని ఉత్తచేతులతో వెళ్ళి, వారం రోజులు మధ్యాహ్నాలు పాపను ఎత్తుకుని వీధి చివరిదాకా తిప్పాను. అక్క పడుకుంది. తిరిగి వచ్చేటప్పుడు చూశాను, అంతకుముందు నేను పంపిన శంఖాలు ఏడూ బీరువా కింద వరసగా ఉన్నాయి.

అన్నిటా ఆవిడదే ఒప్పని నేను అనను. ఫొటో విషయంలో తప్పు. బజారులో స్టూడియో ఉంది, ఒక్క ఫొటో తీయించుకోమని కిందటేడు అడిగాను.

"ఏటికి? నానీడే ఉన్నాను గదా."

"తర్వాతకి పిన్నీ."

"తరవాత దానికి దండెయ్యాల. దండేసినాక రోజూ దుమ్ము దులపాల. ఎవలు దులుపుతారు? నాకు రాబోయే కోడలా? దానికి నామీద కోపముంటే దుమ్ముమీద సూపిత్తాది." గంప నెత్తికెత్తుకుంటూ, "నన్ను తలుసుకునేవోలికి ఫొటో ఏటికి? తలుసుకోనోలికి ఫొటో ఏటికి?" అంది.

ఆ మాట బాగుందని అదీ రాసుకున్నాను. దాని బరువు ఎవరిమీద పడుతుందో అప్పుడు ఆలోచించలేదు. పర్సులో పట్టే ఫొటో రెండంగుళాలు. దానికి ఏ గోడా అక్కర్లేదు. సముద్రంమీద బతికే కొడుక్కి ఆ రెండంగుళాలు ఉండి ఉంటే, బాబాయి తువ్వాలు చేతబట్టుకుని అలా నా ముందు నిలబడి ఉండేవాడు కాదేమో.

ప్లాంటులో కంప్రెసరు సీలు పాడై, ఐసు తయారీ ఆగిపోయి ఆ పొద్దుటికి రెండు రోజులు. కొత్తది మద్రాసు నుంచి ఓడమీద రావాలి. ఉన్నవి పధ్నాలుగు దిమ్మలు, ఒక్కొక్కటి యాభై కిలోలు. బోట్లు ఐదు. ఆ పధ్నాలుగూ వాళ్ళ పేర్లమీద రాసి, కింద సంతకం పెట్టి ఉన్నాను. వరస తప్పకూడదన్న నియమం నాది, గోడమీద గడియారం ఆవిడది. నేను కాగితం వెనకవైపు లెక్క వేశాను. గది వేడి, రేకులు, తలుపు తెరిచి మూసే జనం. రంపపు పొట్టు, గోనెలు కప్పితే ఐదు గంటలకు ఒక దిమ్మ కరుగుతుంది. ముప్ఫై రెండు గంటలకు ఆరున్నర. ఏడు కావాలి.

కాగితం పట్టుకుని బయటికి వెళ్ళాను. "ఒక మాట," అన్నాను. బాబాయి నా వెనక నిలబడ్డాడు. ఆయన్ను చూడగానే వాళ్ళకు నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. ఉన్నది మాత్రం చెప్పాను. ఏడు దిమ్మలు తీసేస్తే మిగిలిన ఏడూ ఐదు బోట్లకు చాలవు, ఐసు లేకుండా వేటకు వెళితే పట్టిన చేప కుళ్ళిపోతుంది అని.

వరసలో మొదటివాడు నా చేతిలో కాగితం చూశాడు. "ఏటి బాబూ, ఇంకా లిస్టు సూత్తన్నావు? కొట్టెయ్ మాది."

"మాదీ కొట్టెయ్," అన్నాడు రెండోవాడు. "ఒక్కరోజు ఎల్లకపోతే సేపలు అలిగి లంక దాటిపోతాయేటి?"

మూడోవాడు ఎప్పుడూ తగువులాడేవాడు. గడియారం రాకముందు నా చొక్కా పట్టుకున్నది అతనే. తల వంచుకుని అన్నాడు. "నా బోటు నీల్లలోకి దించిన నాడు అందరూ పటాలు తెచ్చినారు. నాలుగు పటాలు, నాలుగూ ఒకే దేవుడు. అప్ప ఏటీ తేనేదు. పొద్దున్నే ఒచ్చి బోటు కిందకి దూరి, సాయంత్రం దాకా తారు పూసింది. ఆ ఏడు సుక్క నీరు ఊరనేదు." గోనె సంచీ తీసుకుని దిమ్మల వైపు నడిచాడు.

ఏడు దిమ్మలు, గోనెలు పన్నెండు, రంపపు పొట్టు నాలుగు బస్తాలు, చెక్కలు ఆరు, ఇనుప కొక్కెం ఒకటి. జీపు ఎక్కించాం. బ్రూక్షాబాద్ చేరేసరికి ఇంటినిండా జనం. పూల బుట్టలు, అగరొత్తుల కట్టలు, కొత్త చీరలు, పళ్ళు. ఒకరు ఇత్తడి దీపపు కుందె కూడా తెచ్చారు. బాబాయి అన్నీ రెండు చేతులా అందుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, వాటితో గది మధ్యలో నిలబడిపోయాడు. నేను ఒక్కొక్కటే ఆయన చేతుల్లోంచి తీసి పక్కింటి అరుగుమీద పెట్టించాను. దక్షిణపు గోడ అవతలి ఇల్లు. ఆ ఇంటి కోడలు ఏమీ తేలేదు. చీపురు తెచ్చింది.

చెక్కలు కాస్త వాలుగా వేశాం, నీరు ఒక్కవైపుకే దిగేట్టు. దిమ్మలు రెండు, మీద పొట్టు, గోనెలు, ఆ మీద ఆవిడ. వెదురు బద్ద ఒకటి చీల్చి, కరిగిన నీరు పెరట్లో కొబ్బరి మొదట్లోకి పోయేట్టు అమర్చాను. బోట్లవాళ్ళు రేకులమీద తడిగోనెలు పరిచి, ఆరినప్పుడల్లా తడిపారు. లెక్కకంటే మెల్లగా కరిగింది. నా లెక్కలో ఆ తడిగోనెలు లేవు, వాటిని తడిపే మనుషులూ లేరు.

మర్నాడు మూడూ నలభైకి కొడుకు వచ్చాడు. నూనె మరకల యూనిఫాంతోనే రేవునుంచి నేరుగా. జనం తప్పుకున్నారు. అతను మోకాళ్ళమీద కూర్చుని తల్లి ముఖం వైపు చూశాడు. నుదుటిమీద ఒక నీటి చుక్క ఉంటే వేలితో తుడిచాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మ అచ్చం అలగే ఉంది భయ్యా," అన్నాడు.

చీకటి పడకముందే ఆవిడను సాగనంపి వచ్చాం. ఏడో దిమ్మ సగం వాడకుండానే మిగిలింది, విడిగా గోనెలో. బాబాయి దాన్ని చూసి, "ఇది ఇక్కడుండకూడదు బాబూ," అన్నాడు. ఎండనపడి వచ్చినవాళ్ళందరికీ తాగే నీళ్ళలోకి ఆయనే కొక్కెంతో కొట్టి వేశాడు. అరుగుమీది పళ్ళు అక్కడే పంచేశారు. మూడోరోజు నేను నా సామాను జాబితా పట్టుకుని వెళ్ళాను. గోనెలు పన్నెండు, చెక్కలు ఆరు, కొక్కెం ఒకటి. అన్నీ కడిగి, ఆరబెట్టి, గుమ్మం పక్కన కట్టి ఉంచారు. తడిసిన పొట్టు ఎండబెట్టి పొయ్యిలోకి వాడేశారట. గదిలో నేల ఆరిపోయి ఉంది. నేను తెచ్చినదాంట్లో ఏమీ మిగల్లేదు. కొబ్బరి మొదలు మాత్రం ఇంకా తడిగా ఉంది.

నేను వెళ్ళబోతుంటే కొడుకు లోపలినుంచి బాదం ఆకు పొట్లం ఒకటి తెచ్చాడు.

"ఇది నీదంట భయ్యా. పొయ్యికాడ ఉంది. ఆ పొద్దున అమ్మ ఇదే సేత్తందంట, నాన్న సెప్పినాడు."

క్వార్టరుకి వచ్చి పీచు విప్పాను. ఒత్తులు. తొమ్మిది పూర్తయ్యాయి. పదోది సగం పేని ఉంది.

వాటిని దాచుకోవాలనిపించింది. ఆవిడ ఫొటో నా దగ్గరా లేదు. అటకమీద చోటుంది, ఆవిడే ఖాళీ చేసిన చోటు. చిన్న డబ్బాలో పెట్టి, మూత పెట్టి, మీద కాగితం అంటించి, తేదీ రాసి. డబ్బా కోసం లేచి, గది మధ్యలో ఆగిపోయాను.

రేపు పొద్దున్న?

స్టవ్వు విప్పాను. పాతవి పొట్టివైపోయాయి, ఒకటి రెండు నల్లబడ్డాయి. పదో ఒత్తును ఆవిడ వదిలిన చోటునుంచి నేనే పేనాను. నా చేతికి అంత బిగువు రాలేదు. పదీ ఎక్కించి, బ్లేడుతో సమంగా కోసి, కిరసనాయిలు పీల్చేదాకా ఆగాను. బాదం ఆకూ పీచూ పొయ్యిలో వేశాను. అగ్గిపుల్ల గీసి అంటిస్తే తొమ్మిది ఒకే ఎత్తున మండాయి. పదోది కొంచెం పక్కకు వాలింది, కానీ మండింది.

టీ నాలుగు నిమిషాల్లో మరిగింది.